సగంలో ఆగిన ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనాలంటే

విజయనగరంలో దాసన్నపేట, ఉల్లివీధి, అయ్యకోనేరు గట్టు వైపు నడిస్తే ఇలాంటి ఇళ్లు తగులుతూనే ఉంటాయి. ముందు పాత గోడ, పాత గుమ్మం. వెనక కొత్త పిల్లర్లు, వాటి మీద స్లాబ్, స్లాబ్ పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు. కిటికీలకు రెక్కలుండవు, సెంట్రింగ్ చెక్కలు అడ్డంగా కొట్టి ఉంటాయి. శ్రీకాకుళంలో బలగ వైపు, పాలకొండ రోడ్డు సందుల్లో కూడా ఇవి కనిపిస్తాయి. పని ఎందుకు ఆగిందంటే ఒక్కో ఇంటిది ఒక్కో కథ. డబ్బు అయిపోయింది, మేస్త్రి ఇంకో సైటుకు వెళ్లిపోయాడు, అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగింది, కొడుక్కి విశాఖలో ఉద్యోగం వచ్చింది.

ఇంటివాళ్లు ఈలోగా అద్దె ఇంట్లో ఉంటారు. నెలనెలా అద్దె కట్టాలి, రిపేర్ల కోసం తీసిన లోనుకు ఈఎంఐ కట్టాలి. ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. చివరికి ఎవరో ఒకరు అంటారు: దీన్ని ఉన్నది ఉన్నట్టు అమ్మేసి, ఆ డబ్బుతో రింగురోడ్డు వైపు ఒక ఫ్లాటు కొనుక్కుంటే పోదా?

ఆలోచన మంచిదే. చాలా కుటుంబాలకు అదే మేలైన దారి అని కూడా నా అభిప్రాయం. చిక్కల్లా ఆ ఒక్క ఇల్లు ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపించడంలో ఉంది. కొనేవాడికి అది స్థలం, దాని మీద కొంత అనుమానం. బ్యాంకుకు ప్లాన్‌లో ఉన్నంత మేరకే అది ఇల్లు. పన్ను శాఖకైతే అది ఇల్లా, ఖాళీ స్థలమా అన్నదే ప్రశ్న కావచ్చు. ఎవరికి ఎలా కనిపిస్తుందో ముందే తెలుసుకుని బేరానికి దిగినవాళ్లకు ఎక్కువ డబ్బు మిగులుతుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. దాసన్నపేటలో ఒక కుటుంబం 2012-13లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 15 లక్షలకు పాత పెంకుటిల్లు కొంది. 2023-24లో పెంకు దింపి స్లాబ్ వేశారు, కొత్త గోడలు లేపారు. 10 లక్షలు అయ్యాక ప్లాస్టరింగ్ సగంలో పని ఆగింది. పూర్తి చేయాలంటే ఇంకో 12 లక్షలు కావాలని ఇంజినీరు అంచనా. అదే వీధిలో అదే సైజు ఇల్లు పూర్తయిందైతే 65 లక్షలు పలుకుతోంది అనుకుందాం. అంకెలు మీ వీధివి కాకపోవచ్చు, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

కొనేవాడి వైపు నుంచి

అమ్మేవాళ్లు కింద నుంచి పైకి లెక్కేస్తారు. స్థలం 42 చేస్తుంది, పైన 10 పెట్టాం, కాబట్టి 52కు తక్కువ ఇచ్చేది లేదు అంటారు. కొనేవాడు పై నుంచి కిందికి వస్తాడు. పూర్తయిన ఇల్లు 65. అందులో మిగిలిన పనికి 12 తీసేయాలి. గోడ తెరిస్తే ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి ఇంకో 5. మిగిలింది 48. మనం పెట్టిన 10 లక్షలు అతని లెక్కలో ఎక్కడా లేవు. ఈ ఒక్క విషయం ఒప్పుకోలేకే ఎన్నో ఇళ్లు ఏళ్ల తరబడి 'అమ్మబడును' బోర్డు మోస్తూ నిలబడ్డాయి.

మరి ఆ 12 లక్షలు మనమే పెట్టి పూర్తి చేస్తే? 65లో 12 పోతే 53, అంటే 48 కంటే 5 లక్షలు ఎక్కువ. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ 12 లక్షలకు వడ్డీ, పని జరిగినన్నాళ్లూ అద్దె, అంచనా దాటిపోయే ఖర్చు, మేస్త్రి కోసం ఎదురుచూపులు, ఇవన్నీ ఆ 5 లక్షల్లోంచే పోవాలి. ఒకసారి ఆగిపోయిన పని రెండోసారి అంచనాలోనే ముగుస్తుందని నమ్మడం కష్టం. చేతిలో సొంత డబ్బు, నమ్మకమైన మేస్త్రి రెండూ ఉంటే తప్ప పూర్తి చేసి అమ్మాలనుకోవద్దని చెబుతాను.

అలాగని ఏమీ చేయకుండా వదిలేయమని కాదు. నీళ్లు ఆపే పని మాత్రం చేయించాలి. స్లాబ్ మీద నీరు నిలవకుండా వాలు, పారాపెట్, వర్షపు నీటికి గొట్టాలు, తెరిచి ఉన్న చువ్వలకు సిమెంట్ పాల పూత. మన జిల్లాల్లో నైరుతి వానలు వెళ్లేలోపే తుపాన్ల కాలం వచ్చేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఎలా వచ్చిపడ్డాయో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఒక్క వానాకాలం తడిసిన సగం ఇంట్లో గోడలకు చెమ్మ చారలు పడతాయి, స్లాబ్ కింద తెల్లటి మరకలు తేలతాయి. కొనేవాడు 5 లక్షలు అనుకున్న అనుమానం వాటిని చూడగానే 8 అవుతుంది. టైల్స్, ఫాల్స్ సీలింగ్, రంగుల జోలికి మాత్రం పోవద్దు. మీకు నచ్చిన టైల్ కొనేవాడికి నచ్చుతుందన్న హామీ లేదు.

చూడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది రెండే ప్రశ్నలు. పిల్లర్లా, గోడలా? పని ఎందుకు ఆపేశారు?

మొదటిది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు సున్నంతో కట్టిన ఇటుక గోడలు. పెంకు, టేకు దూలాల బరువు మోయడానికి కట్టినవి. వాటి మీదే స్లాబ్ వేశారా, వేరే పునాది తీసి పిల్లర్లు లేపారా అన్నదాన్ని బట్టి పై అంతస్తు వేయొచ్చా లేదా తేలుతుంది. కాంక్రీట్ పోశాక లోపల ఎంత ఇనుము ఉందో కంటికి కనబడదు. అందుకే ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగు, స్లాబ్ పోయకముందు ఫోన్లో తీసిన ఫోటోలు, సిమెంటు, ఐరన్ బిల్లులు బయటకు తీసి ఒక ఫైల్‌లో పెట్టాలి. ఆ ఫైలు కొనేవాడికి ధైర్యం ఇస్తుంది, బ్యాంకు తరఫున ఇంటికి విలువ కట్టే వాల్యుయర్‌కు ఆధారం అవుతుంది, పన్ను లెక్కలో డబ్బు మిగులుస్తుంది. పాత ఇంటి నుంచి దింపిన టేకు దూలాలు, గుమ్మాలు ఉంటే వాటిని ఇంటి ధరలో కలిపేయకుండా విడిగా అమ్ముకోవచ్చు. మంచి టేకుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

రెండో ప్రశ్న వెనక వాస్తు భయం ఉంటుంది, కోర్టు గొడవ ఉందేమోనన్న అనుమానం ఉంటుంది. నిజం చెప్పేయడమే మంచిది. డబ్బు చాలక ఆపాం అని చెప్పడానికి సిగ్గుపడి, 'పిల్లాడికి ఈ ఏరియా దూరమవుతోందండీ' అంటే కొనేవాడు వీధి చివర కిరాణా కొట్టులో అడిగి అసలు సంగతి తెలుసుకుంటాడు. చట్టం కూడా అదే చెబుతుంది. మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపించని పెద్ద లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉంటే అమ్మేవాడే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. గోడ పగులు మీద పుట్టీ కొట్టి అమ్మితే అది తర్వాత నోటీసు రూపంలో వెనక్కి రావచ్చు.

తక్కువ ధర ఇల్లు కొనడమే ఎందుకు కష్టం

48 లక్షల ఇల్లు కొనడం కంటే 65 లక్షల ఇల్లు కొనడం సులువు అంటే నమ్మబుద్ధి కాదు. కానీ చాలాసార్లు అదే నిజం.

రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య రుణానికి 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా బ్యాంకులు ఇవ్వొచ్చు. ఆ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కలపరు. బేరం ధర, వాల్యుయర్ చెప్పిన విలువ, ఈ రెండింట్లో తక్కువదాన్నే బ్యాంకులు మామూలుగా లెక్కలోకి తీసుకుంటాయి.

పూర్తయిన 65 లక్షల ఇంటికి వాల్యుయర్ కూడా అంతే రాస్తే లోను 52 లక్షలు. సొంతంగా 13 పెట్టుకోవాలి. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే సుమారు 4.9 లక్షలు. మొత్తం 18 లక్షల లోపు చేతిలో ఉంటే చాలు.

ఇప్పుడు మన సగం ఇల్లు చూడండి. బేరం 48కి కుదిరింది. తలుపులు లేవు, కరెంటు వైరింగు లేదు, కాబట్టి వాల్యుయర్ 42 రాశాడు. అందులో 80 శాతం 33.6 లక్షలు. మిగిలిన 14.4 కొనేవాడిదే. రిజిస్ట్రేషన్‌కు 3.6. పూర్తి చేయడానికి 12. మొత్తం 30 లక్షలు చేతిలో ఉండాలి. 30 లక్షలు ఉన్నవాడు సగం ఇంటి తలనొప్పి ఎందుకు పెట్టుకుంటాడు? అందుకే ఇలాంటి ఇళ్లకు కొనేవాళ్లు తగ్గిపోతారు. చివరికి మేస్త్రీలు, చిన్న బిల్డర్లు, పక్కింటివాళ్లే మిగులుతారు. వాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి బేరం ఇంకా కిందికి లాగుతారు. పక్కింటివాళ్ల దగ్గరికి మాత్రం మొదటే వెళ్లండి. స్థలం కలిసొస్తుందంటే బయటివాడు ఇవ్వని ధర వాళ్లు ఇస్తారు.

ఆ 12 లక్షలకు కూడా బ్యాంకు లోను ఇస్తే కొనేవాడి చేతిలో ఉండాల్సింది ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇంజినీరు అంచనా చూసి, పని జరిగిన కొద్దీ విడతలవారీగా ఇచ్చే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. కానీ దానికి వాళ్లు మొదట అడిగేది మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాన్ అనుమతి. రిపేరే కదా అని అనుమతి లేకుండా మొదలుపెట్టినా, ఒక అంతస్తుకు తీసుకుని రెండు లేపినా, గడువు ముగిసిపోయినా బ్యాంకు వెనక్కి తగ్గుతుంది. కాబట్టి బ్రోకర్ దగ్గరికి వెళ్లే ముందు ఎల్‌టీపీ, అంటే ప్లాన్లు గీసి అనుమతికి పెట్టే లైసెన్సు ఉన్న ఇంజినీరు, దగ్గరికి వెళ్లాలి. ప్లాన్ చెల్లుతుందా, కట్టినది ప్లాన్ ప్రకారమే ఉందా, కొనేవాడి పేరుకు మార్చడానికి ఏం చేయాలి, తెలుసుకుని రాయించుకోవాలి. ఆ కాగితం మీద పెట్టే ఖర్చు టైల్స్ మీద పెట్టే ఖర్చు కంటే ఎన్నో రెట్లు తిరిగొస్తుంది.

మిగతా కాగితాల్లో లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు అందరికీ తెలిసినవే. మన దగ్గర ఇంకొకటి తప్పకుండా చూడాలి. విజయనగరం సంస్థానం ఊరు. చుట్టుపక్కల ఎస్టేటు, దేవస్థానం, ట్రస్టు భూముల చరిత్ర ఉన్న సర్వే నంబర్లు చాలా ఉన్నాయి. మీ నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో, ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కోండి. మీరు కొన్నప్పుడు లేకపోవచ్చు, తర్వాత ఎక్కి ఉండొచ్చు. అడ్వాన్స్ తీసుకున్నాక తెలిస్తే ఆ టెన్షన్ వేరు.

తాతల నాటి ఇల్లయితే ఆడపడుచుల సంతకాలు కావాలి. 'పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా' అన్న మాట రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనికిరాదు. హిందూ వారసత్వ చట్టానికి 1986లో రాష్ట్రంలో వచ్చిన సవరణ, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లది కొడుకులతో సమానమైన హక్కు. వాళ్లలో ఒకరు అమెరికాలో ఉంటే సంతకంతోనే కథ ముగియదు. ప్రవాసుల వాటా మీద కొనేవాడు పట్టుకోవాల్సిన టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) నిబంధనలు వేరు, రేటూ బాగా ఎక్కువ. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆ డబ్బు రిఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటుంది.

ఇల్లు మీద లోను ఉంటే అమ్మకూడదేమో అనుకుంటారు. అమ్మొచ్చు. మీ బ్యాంకు నుంచి బాకీ ఎంతో, తమ దగ్గర ఏ ఏ డాక్యుమెంట్లు ఉన్నాయో లెటర్ తీసుకోవాలి. కొనేవాడి డబ్బు లేదా అతని బ్యాంకు చెక్కు నేరుగా మీ లోను ఖాతాకు వెళుతుంది, మిగిలింది మీకు వస్తుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందే తీర్చేసినందుకు పెనాల్టీ వేయకూడదు. మొత్తం తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ఇది. కానీ 30 రోజులంటే నెల. అగ్రిమెంటులో రాసుకునే గడువులో ఆ నెలను కూడా లెక్కేసుకోవాలి.

పన్ను: ఇల్లు అమ్మారా, స్థలం అమ్మారా?

ఇక్కడ సెక్షన్ నంబర్లు 1961 చట్టంలోవి, అందరి నోటా ఉన్నవి అవే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు మారాయి కాబట్టి ఆడిటర్ వేరే నంబరు చెబితే కంగారు పడకండి.

ఇల్లు 24 నెలలకు మించి మీ చేతిలో ఉంటే వచ్చే లాభం దీర్ఘకాలికం. 2024 జూలై 23 నుంచి అమ్మిన వాటికి ఇండెక్సేషన్ (పెట్టిన ఖర్చును ధరల సూచీ ప్రకారం పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు, స్థలం అయితే దేశంలో నివసించే వ్యక్తులకు ఇంకో వీలుంది. పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కేసి, రెండింట్లో తక్కువ పన్ను కట్టొచ్చు.

మన ఉదాహరణలో 2025-26లో 48 లక్షలకు అమ్మారు. ఇండెక్సేషన్ లేకుండా అయితే 48లోంచి 15, 10 తీసేస్తే లాభం 23 లక్షలు, పన్ను 2.87 లక్షలు. ఇండెక్సేషన్‌తో అయితే 2012-13 సూచీ 200, 2023-24ది 348, 2025-26ది 376. కొన్న 15 లక్షలు 28.2 అవుతాయి, బాగుచేసిన 10 లక్షలు 10.8 అవుతాయి. లాభం సుమారు 9 లక్షలు, పన్ను 1.8 లక్షలు. దీనికి సెస్సు అదనం.

ఇప్పుడు ఆ 10 లక్షల్లో 6 లక్షలకే బిల్లులు ఉన్నాయనుకోండి. మిగతాది మేస్త్రికి చేతికిచ్చాం, ఇసుక లారీవాడికి చేతికిచ్చాం. అప్పుడు ఇండెక్సేషన్‌తోనే లాభం 13.3 లక్షలకు పెరుగుతుంది, పన్ను 2.66 లక్షలు. బిల్లు లేని 4 లక్షలు మనకు సుమారు 86 వేల రూపాయల అదనపు పన్నుగా తిరిగొచ్చాయి. ఇప్పటికీ పని జరుగుతుంటే ఇవాళ్టి నుంచే మేస్త్రికి ఫోన్‌పే చేయండి.

2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే, అసలు కొన్న ధరకు బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. అయితే అది ఆ రోజు నాటి రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. వారసత్వంగా వచ్చిన ఇంటికి మీ పెద్దవాళ్లు పెట్టిన ధర, వాళ్ల దగ్గర ఉన్న కాలం రెండూ మీ లెక్కలోకి వస్తాయి.

పన్నే కట్టకుండా ఉండే దారి సెక్షన్ 54. నివాస గృహం అమ్మగా వచ్చిన లాభాన్ని ఇంకో నివాస గృహంలో పెడితే ఆ మేరకు పన్ను లేదు. అమ్మడానికి ఏడాది ముందు గానీ తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి, కట్టుకుంటే మూడేళ్లలో కట్టాలి. కొత్త ఇంటిని మూడేళ్లు అమ్మకూడదు. ఇక్కడ పెట్టాల్సింది లాభం మాత్రమే, వచ్చిన డబ్బంతా కాదు. ఎంత పెట్టాలో చూసుకునేటప్పుడు ఇండెక్సేషన్ లేని 23 లక్షలనే లెక్కేసుకోవడం క్షేమం.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. పాత ఇల్లు పూర్తిగా పడగొట్టేసి, పునాదులు, నాలుగు పిల్లర్లు లేపి ఆగిపోయారనుకోండి. అమ్మేది నివాస గృహమేనా? ఇల్లు లేని స్థలం అమ్మారని అధికారి అంటే సెక్షన్ 54 వర్తించదు. సెక్షన్ 54ఎఫ్ కిందికి వెళ్లాలి. దాని లెక్క వేరు. అక్కడ లాభం కాదు, అమ్మగా వచ్చిన మొత్తం పెట్టాలి. కొంతే పెడితే అదే నిష్పత్తిలో మినహాయింపు. అమ్మే రోజుకు మీ పేరు మీద ఇంకో ఇంటికి మించి ఉండకూడదు.

తేడా ఎంతో చూడండి. మన కుటుంబం రిజిస్ట్రేషన్‌తో కలిపి 30 లక్షల్లో ఫ్లాటు కొంది. సెక్షన్ 54 కింద 23 లక్షల లాభం కంటే పెట్టింది ఎక్కువ, పన్ను సున్నా. 54ఎఫ్ కింద అయితే 48లో 30 మాత్రమే పెట్టారు కాబట్టి లాభంలో 62.5 శాతానికే మినహాయింపు. రెండు లెక్కల్లో తక్కువదే తీసుకున్నా సుమారు 67 వేలు కట్టాలి.

అందుకే పైకప్పు, గోడలు, వంటగది, బాత్రూము ఉన్న స్థితిలో ఆగిన ఇంటికి, నేలమట్టం చేసి ఆగిన ఇంటికి పన్ను దగ్గర చాలా దూరం ఉంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత ఫోటోలు, దస్తావేజులో రాసే వివరణ, ఇవన్నీ ఇల్లు ఇల్లుగానే ఉందని చెప్పాలి. పడగొట్టాక మున్సిపాలిటీ దాన్ని ఖాళీ స్థలం పన్ను కిందికి మార్చేసి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. సగం పడగొట్టిన ఇళ్లున్నవాళ్లు బేరానికి ముందే ఆడిటర్‌ను కలవాలి, రిటర్ను వేసే నెలలో కాదు.

లోను తీర్చిన డబ్బు లాభంలోంచి తగ్గదు. 48 వచ్చి 9 లక్షల బాకీ పోయి చేతికి 39 వచ్చినా పన్ను శాఖకు అది 48 లక్షల అమ్మకమే. మీరే పెట్టుకున్న తాకట్టు తీర్చుకోవడం ఖర్చు కింద రాదు.

రిజిస్ట్రేషన్ విలువ సంగతి కూడా చూడాలి. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో మార్కెట్ విలువలు సవరించారు. ప్రభుత్వ విలువ మీ అమ్మకం ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే, లాభం లెక్కకు ప్రభుత్వ విలువే మీ ధర. మన 48 లక్షల ఇంటికి ఆ హద్దు 52.8 లక్షలు. అసంపూర్తి ఇంటిని దస్తావేజులో పూర్తయిన భవనంగా రాస్తే అనవసరంగా ఆ హద్దు దాటొచ్చు. కప్పు రకం, కట్టిన విస్తీర్ణం, ఏ దశలో ఆగింది అన్నవి ఉన్నది ఉన్నట్టు రాయమని డాక్యుమెంట్ రైటర్‌కు గట్టిగా చెప్పండి. అతనికి పాత ఫార్మాట్‌లో పేరు మార్చి ప్రింటు తీయడం అలవాటు.

ఇక బ్లాకు, వైటు. నిజం మాట్లాడుకుంటే మన ఊళ్లలో చాలా బేరాలు రెండు ధరలతోనే నడుస్తాయి. ఇంకో ఇల్లు కొనడం కోసం అమ్ముతున్నవాళ్లకు అది ముఖ్యంగా నష్టం. నగదుగా వచ్చింది కొత్త ఇంటి లోనుకు మార్జిన్ మనీగా, అంటే మీరు పెట్టుకునే సొంత వాటాగా, చూపించలేరు, మినహాయింపు లెక్కలోనూ చూపించలేరు. పైగా స్థిరాస్తి బేరంలో అడ్వాన్స్ సహా 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. దస్తావేజులో 2 లక్షలు, అంతకు మించిన నగదు కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అమ్మకం ధర 50 లక్షలకు చేరితే కొనేవాడు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కడతాడు. అది రిటర్నులో మీకు సర్దుబాటు అవుతుంది.

ముందు అమ్మడమా, ముందు కొనడమా

మంచి ఫ్లాటు కనిపిస్తే ఆగలేం. ఐదు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేస్తాం, మూడు నెలల గడువు రాసుకుంటాం, పాత ఇల్లు ఈలోగా పోతుందిలే అనుకుంటాం. పాత ఇల్లు పోదు. ఆషాఢం వస్తుంది, మూఢం వస్తుంది, చూసి వెళ్లినవాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. గడువు దగ్గరపడే కొద్దీ 48 కాస్తా 44 అవుతుంది. ఆ 4 లక్షలు అడ్వాన్స్ కాపాడుకోవడానికి కట్టిన మూల్యం.

అందుకని ముందు అమ్మకం అగ్రిమెంటు, తర్వాతే కొనుగోలు అగ్రిమెంటు అంటాను. ఇక్కడ సగం ఇంటివాళ్లకు ఒక అనుకూలత ఉంది. మీరు ఎలాగూ అద్దె ఇంట్లోనే ఉన్నారు, ఇల్లు ఖాళీగా ఉంది. కాపురం ఉన్న ఇల్లు అమ్మేవాళ్లలా సామాను ఎక్కడ పెట్టాలన్న బెంగ లేదు. ఆ రెండు మూడు నెలల అద్దెకు భయపడి తొందరపడితే పోయేది లక్షల్లో ఉంటుంది.

తేదీలు రాసుకునేటప్పుడు పాత ఇంటి డబ్బు పూర్తిగా వచ్చే రోజుకు, కొత్త ఇంటికి కట్టాల్సిన రోజుకు మధ్య కనీసం నెల నుంచి నెలన్నర వదలాలి. కొనేవాడి లోను మంజూరు, మీ బ్యాంకు నుంచి డాక్యుమెంట్ల విడుదల, రిజిస్ట్రేషన్ స్లాట్, వీటిలో ఏదో ఒకటి వారం పది రోజులు జారుతుంది. కొత్త ఇంటి అగ్రిమెంటులో లోను రాకపోతే అడ్వాన్స్ సంగతేంటో రాయించుకోండి. పాత ఇంటి అగ్రిమెంటులో కొనేవాడు వెనక్కి తగ్గితే ఎంత మినహాయించుకుంటారో రాయండి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని సరిపెట్టుకోవడం అలవాటే గానీ, మన రాష్ట్రంలో 1999 నుంచి అమ్మకం అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రమే.

రెండు తేదీలూ కుదరకపోతే కొన్ని బ్యాంకుల్లో బ్రిడ్జ్ లోన్ దొరుకుతుంది. పాత ఇల్లు అమ్ముడయ్యేదాకా వాడుకునే స్వల్పకాలిక అప్పు, వడ్డీ మామూలు గృహరుణం కంటే ఎక్కువ. అగ్రిమెంటు అయిపోయి డబ్బు రావడం నెల ఆలస్యమైతే దానికి అర్థం ఉంది, లేదా ఇంట్లో బంగారం పెట్టి తెచ్చుకోవచ్చు. కొనేవాడే ఇంకా దొరక్కుండా బ్రిడ్జ్ లోన్ తీయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఆగిపోయిన ఇంటి మీద ఇంకో గడియారం తగిలించుకోవడమే అది.

అమ్మేశాక కొత్త ఇల్లు వెంటనే దొరక్కపోతే లాభం డబ్బును సేవింగ్స్ ఖాతాలో వదిలేయకూడదు. రిటర్ను గడువు లోపు, మామూలుగా జూలై 31 లోపు, బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్ ఖాతా తెరిచి అందులో వేయాలి. చాలా బ్రాంచుల్లో దీని గురించి కౌంటర్‌లో తెలియదు, మేనేజర్‌ను అడగాలి. ఆ డబ్బు రెండేళ్లలో కొనడానికో మూడేళ్లలో కట్టడానికో వాడకపోతే గడువు ముగిసిన ఏడాది పన్ను పడుతుంది.

రిజిస్ట్రేషన్ ముందు రోజు ఒక పని మిగులుతుంది. మేస్త్రికి, ఎలక్ట్రీషియన్‌కు, సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చినవాడికి బాకీ ఉంటే తీర్చేసి, తీరిందని వాళ్లతో రెండు ముక్కలు రాయించుకోండి. లేకపోతే కొనేవాడు పని మొదలుపెట్టిన రోజున వాళ్లు గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు, ఫోన్ మాత్రం మీకే వస్తుంది. మిగిలిన ఇటుక, కంకర, వాడని టైల్స్ పెట్టెలు ఎవరివో కూడా ఆ రోజే తేల్చుకోండి. 48 లక్షల బేరం సాఫీగా జరిగి, గేటు దగ్గర ట్రాక్టరు ఇసుక మీద మాటా మాటా వచ్చిన సందర్భాలు మన వీధుల్లో తక్కువేమీ కాదు.